బ్రేకుల జోలికి పోకుండా సైకిలు బరువు తగ్గించుకోవడం

ప్రశ్న: గుంటూరులో ఒక బ్యాంకులో పనిచేస్తున్నాను. వయసు 34, బరువు 72 కిలోలు. రెండేళ్ల కిందట అల్యూమినియం ఫ్రేము, కేబులుతో పనిచేసే డిస్క్ బ్రేకులు (చక్రం నడిమి స్టీలు రేకుని ప్యాడ్లతో పట్టేవి) ఉన్న రోడ్ బైకు కొన్నాను. వారంలో రెండు రోజులు పొద్దున్నే హైవే మీద మంగళగిరి దాకా వెళ్లి వస్తాను. ఆదివారం స్నేహితులతో కలిసి కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కుతాం. ఎక్కుడు మొదలవగానే వాళ్లు ముందుకు పోతారు, నేను మిగిలిపోతాను. వాళ్లవి రిమ్ బ్రేకుల (చక్రం అంచునే ప్యాడ్లతో పట్టేవి) కార్బన్ సైకిళ్లు, ఎనిమిది కిలోల లోపే ఉంటాయి. నాది లగేజీ తూచే కాటాకు తగిలిస్తే పెడళ్లతో సహా 10.8 కిలోలు చూపించింది. తొమ్మిదికి దించాలని 40 వేలు పక్కన పెట్టాను. ముందు చక్రానికి ఉన్న 160 మిల్లీమీటర్ల డిస్కు తీసేసి 140ది వేసి, బోల్టులన్నీ అల్యూమినియంవి పెడదామని మెకానిక్కు అంటున్నాడు. అసలు డిస్కులే వద్దు, రిమ్ బ్రేకులు పెట్టించుకోమని ఒక స్నేహితుడి సలహా. ఇంకొక స్నేహితుడు 32 వేలకు ఒక వీల్‌సెట్, అంటే చక్రాల జత, చూపించాడు. ఏం చెయ్యమంటారు?

జవాబు: మెకానిక్కు మాట ముందు తేల్చేద్దాం. మిగిలినవి నెల తర్వాత చేసినా నష్టం లేదు గానీ, ఇది రేపో ఎల్లుండో అయిపోయి ఆదివారం మీరు ఆ సైకిలు మీదే కొండ దిగుతారేమోనని నా భయం. వద్దని చెప్పండి. ముందు చక్రానికి 160 డిస్కే ఉండాలి. డిస్కునీ, దాన్ని ప్యాడ్లతో నొక్కే క్యాలిపర్‌నీ పట్టి ఉంచే బోల్టులు స్టీలువే ఉండాలి.

కారణం చెబుతాను. మీరు, సైకిలు, నీళ్లు, బూట్లు, బట్టలు అన్నీ కలిపి 86 కిలోలు అనుకుందాం. 300 మీటర్ల ఎత్తు నుంచి దిగితే ఆ బరువులోంచి వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు రెండున్నర లక్షల జౌళ్లు. నలభై డిగ్రీల వేడి ఉన్న లీటరు నీళ్లను మరిగే దాకా తీసుకెళ్లడానికి సరిగ్గా అంత కావాలి. కొంత గాలి తీసేసుకుంటుంది. మలుపు మలుపుకీ మీరు బ్రేకు నొక్కినప్పుడు మిగిలినదంతా ఆ రెండు పల్చటి స్టీలు రేకుల్లోకే పోతుంది. గట్టిగా బ్రేకు వేస్తే ఒంటి బరువు ముందుకు ఒరుగుతుంది కాబట్టి ఎక్కువ పని ముందు బ్రేకుదే. డిస్కు చిన్నదైతే వేడిని పట్టుకునే లోహమూ తగ్గుతుంది, గాలికి చల్లారే వైశాల్యమూ తగ్గుతుంది. పైగా 140 డిస్కుతో అదే ఆపుడు రావాలంటే లివరును ఏడో వంతు ఎక్కువ బలంతో నొక్కాలి. కేబుల్ బ్రేకుల మీద ఘాట్ దిగి వేళ్లు తిమ్మిరెక్కినవాళ్లకి ఆ ఏడో వంతు అంటే ఏమిటో తెలుస్తుంది. ఇంతా చేసి మిగిలేది ఇరవై ముప్పై గ్రాములు.

అల్యూమినియం బోల్టులు నీళ్ల బాటిల్ స్టాండుకి వేసుకోండి, పరవాలేదు. బ్రేకు దగ్గర మాత్రం వేడికీ కుదుపుకీ లాగుడుకీ తట్టుకోవాల్సినవి అవి. అక్కడ ఒక బోల్టు తల తెగితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

రిమ్ బ్రేకుల సలహా మీ సైకిలుకి కుదరదు. డిస్కుల కోసం చేసిన ఫ్రేముకీ ఫోర్కుకీ రిమ్ బ్రేకు బిగించే రంధ్రాలే ఉండవు. మీ రిములకి ప్యాడు రాసుకునే చదును అంచూ ఉండదు. ఫోర్కు, చక్రాలు మార్చినా వెనక ఫ్రేము దగ్గర ఆగిపోతారు. కుదిరినా నేను వద్దనే అనేవాణ్ని. వానలో రిమ్ తడిస్తే ప్యాడు ముందు ఆ నీళ్లని తుడిచి, ఆ తర్వాత పట్టుకుంటుంది. కాజ టోల్ గేటు దగ్గర ముందు పోతున్న ఆటో సిగ్నలు లేకుండా పక్కకి ఆగితే ఆ కాస్త ఆలస్యం చాలు. బరువు విషయంలో గ్రాము గ్రాము లెక్కపెట్టే రేసు లోకం కూడా కొన్నేళ్లు ప్రయోగాలు చేసి, 2018 జులై నుంచి రోడ్డు పోటీల్లో డిస్కులను పూర్తిగా ఒప్పుకుంది. 6.8 కిలోల కంటే తేలిక సైకిలు పోటీకి పనికిరాదన్న నియమం 2000 నుంచీ ఉంది. ఇప్పటి రేసు సైకిళ్లు డిస్కులతోనే ఆ హద్దు దగ్గరికి వచ్చేస్తున్నాయి. బరువుకి కారణం డిస్కు ఒక్కటే అయితే అది సాధ్యపడేది కాదు.

ఇక అసలు సంగతి. బరువు తగ్గితే మీకు ఎంత కలిసొస్తుందో డబ్బు తియ్యకముందే తెలుసుకోండి.

మీరు 180 వాట్ల బలంతో తొక్కుతూ 300 మీటర్ల ఎత్తు ఎక్కుతున్నారనుకుందాం. గాలికీ టైర్లకీ చెయిన్‌కీ పోను ఎత్తు ఎక్కడానికి మిగిలేది 155 దాకా ఉంటుంది. 86 కిలోలు పైకి చేరడానికి 27 నిమిషాలు పడుతుంది. ఒక కిలో తగ్గిస్తే సుమారు 19 సెకన్లు కలిసొస్తాయి. మీ స్నేహితుల సైకిళ్లకీ మీ సైకిలుకీ మధ్య ఉన్న మూడు కిలోల తేడా మొత్తం మాయమైనా నిమిషం. వాళ్లు పైకి చేరి మీకోసం అంతకంటే ఎక్కువసేపు ఎదురు చూస్తున్నారంటే ఆ మిగతా సమయం సైకిలులో లేదు. వచ్చే ఆదివారం ఒకసారి గడియారం చూడండి. ఐదు నిమిషాలు వెనకబడుతుంటే అందులో నాలుగు నిమిషాలకి షాపులో మందు దొరకదు.

చదును రోడ్డు మీద సంగతి ఇంకా తక్కువ. గంటకి 30 కిలోమీటర్ల వేగంతో మంగళగిరి వైపు పోతున్నప్పుడు ఒక కిలో తగ్గితే మిగిలేది అర వాటు కూడా కాదు. అక్కడ మీతో కొట్లాడేది గాలి, ఆ తర్వాత టైరు. చక్రం అంచున ఉన్న బరువు రెండింతలు లెక్క అని చాలామంది చెబుతారు. వేగం పుంజుకునే ఆ కాసేపటి వరకే అది నిజం. ఒకే వేగంతో కొండ ఎక్కుతున్నప్పుడు రిములో ఉన్న వంద గ్రాములైనా సీటు కింది సంచిలో ఉన్న వంద గ్రాములైనా ఒకటే.

ఇదంతా చదివి మానుకోమంటున్నానని అనుకోవద్దు. తేలికైన సైకిలు తొక్కడంలో సంతోషం ఉంది, దాన్ని నేను కాదనను. బెంజి సర్కిల్ లాంటి చోట ఆగి ఆగి కదిలేటప్పుడు, ఫ్లాటు మెట్లు ఎక్కించేటప్పుడు, గుంపులో ఎవరో వేగం పెంచితే వెంట అందుకోవాల్సి వచ్చినప్పుడు చేతికీ కాలికీ తెలుస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. 40 వేలు పెట్టే వరసలో టైరు, ట్యూబు ముందుండాలి, చక్రం తర్వాత రావాలి, బ్రేకులో తగ్గించే ఆలోచన అసలు రాకూడదు.

టైర్లు ఎందుకు ముందంటే, అక్కడ బరువూ తగ్గుతుంది, వేగమూ పెరుగుతుంది. మీ ధరలో వచ్చే సైకిళ్లకి కంపెనీ వేసి పంపేవి సాధారణంగా అంచులో ఇనుప తీగ ఉన్న టైర్లు. 28 మిల్లీమీటర్ల వెడల్పు సైజులో ఒక్కోటి 400 గ్రాముల దాకా తూగుతుంది. మడత పెట్టగలిగే మంచి రేసు టైరు అదే సైజులో 250 చుట్టూ ఉంటుంది. జతకి 300 గ్రాములు అక్కడే పోయాయి. బరువు కంటే పెద్ద లాభం రబ్బరులో ఉంది. గట్టి చవక టైరు రోడ్డు మీద నలిగేటప్పుడు తినేసే శక్తికీ, మెత్తని మంచి టైరు తినేదానికీ మధ్య హైవే వేగంలో జతకి పది వాట్లకి పైనే తేడా వస్తుంది. ఆరు శాతం వాలున్న ఎక్కుడులో ఒక కిలో తగ్గిస్తే మిగిలేది రెండు వాట్లు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

మంచి టైరు పల్చన, ఆ మాట దాచను. హైవే పక్క గీత మీద పేలిన లారీ టైర్ల సన్న తీగలు రాలి ఉంటాయి, మన దగ్గర పంక్చర్లలో చాలా భాగం వాటివే. అందుకని మరీ తేలికైన పోటీ టైరు కాకుండా, నడిమి భాగం కింద పంక్చరు ఆపే పొర ఉన్నది తీసుకోండి. ఇరవై ముప్పై గ్రాములు ఎక్కువైనా సరే. ఫ్రేములో చోటుంటే 28కి బదులు 30 కూడా ఆలోచించండి. డిస్కు సైకిలుకి ఉన్న గొప్ప సదుపాయం అదే, బ్రేకు టైరుకి అడ్డం రాదు. కాస్త వెడల్పు టైరులో గాలి తక్కువ పెట్టుకుని గతుకుల మీద పోతుంటే నడుము మీకు దణ్ణం పెడుతుంది.

ట్యూబులు రెండోవి. మామూలు నల్ల రబ్బరు ట్యూబు ఆ సైజులో 120 గ్రాముల చుట్టూ, టీపీయూ అనే పల్చటి ప్లాస్టిక్ ట్యూబు 40 చుట్టూ. జతకి 160 గ్రాములు. మీ డిస్క్ బ్రేకు ఇక్కడ మీకు మేలు చేస్తుంది. రిమ్ బ్రేకు సైకిళ్లలో కొండ దిగేటప్పుడు రిమ్ కాలి ఈ ట్యూబులకి ప్రమాదం తెస్తుంది. మీ రిమ్ చల్లగానే ఉంటుంది. రెండు జాగ్రత్తలు. టైరులో పెట్టకముందు ఈ ట్యూబుని బయట ఉబ్బించకూడదు, సాగితే తిరిగి ముడుచుకోదు. పంక్చరు పడితే రోడ్డు పక్క షాపులో వేసే మామూలు ప్యాచీ దీనికి అంటదు, దాని ప్యాచీలు వేరే ఉంటాయి. సీటు సంచిలో ఒక పాత రబ్బరు ట్యూబు పెట్టుకుంటే ఆ రోజుకి ఇల్లు చేరతారు.

ట్యూబు లేకుండా జిగురు ద్రవం పోసే ట్యూబ్‌లెస్ పద్ధతి గురించి మీరు అడగలేదు గానీ షాపులో తప్పకుండా చెబుతారు. చిన్న చిన్న పంక్చర్లు వాటంతట అవే పూడిపోతాయి, అది నిజం. మన ఎండలకి ఆ ద్రవం తొందరగా ఎండిపోతుంది. వేసవిలో నెలా రెండు నెలలకోసారి చూసుకుని పోసే ఓపిక ఉంటేనే దిగండి. అందులో పోసే ద్రవం బరువు కలుపుకుంటే టీపీయూ ట్యూబు కంటే తేలికేమీ కాదు.

ఇప్పుడు ఆ 32 వేల వీల్‌సెట్. మీ సైకిలుతో వచ్చిన చక్రాలు టైర్లు, డిస్కులు తీసి తూస్తే జత రెండు కిలోలకి పైనే ఉండవచ్చు. ముందు అది తూచండి, కాగితం మీది అంకెలు నమ్మకండి. కొత్తవి 1,600 గ్రాములైతే అర కిలో దిగుతుంది. కొండ మీద దాని విలువ పది సెకన్ల లోపు. డబ్బంతా దీని మీదే పోసి పాత టైర్లు ఎక్కిస్తే మాత్రం మంచి చక్రం వృథా. టైర్లు, ట్యూబులు మార్చి రెండు నెలలు తొక్కాక కూడా కావాలనిపిస్తే అప్పుడు కొనండి.

కొనేటప్పుడు అడగాల్సినవి ఉన్నాయి, వాటిలో ఒకటి తప్పినా చక్రం మీ ఫ్రేములో కూర్చోదు. మీ సైకిలుకి ఉన్నది తీసి బిగించే లావు ఇరుసా (త్రూ యాక్సిల్), సన్న కడ్డీని చిన్న లివరుతో బిగించే పాత పద్ధతి క్విక్ రిలీజా చూడండి. లావు ఇరుసు అయితే సాధారణంగా 12 మిల్లీమీటర్లు, ముందు 100, వెనక 142 వెడల్పు. పాత పద్ధతి డిస్కు సైకిళ్లకి వెనక 135 ఉంటుంది. డిస్కు ఆరు బోల్టులదా, నడిమి రింగుతో బిగించే సెంటర్‌లాకా చూడండి. కొత్త హబ్ (చక్రం నడిమి భాగం) సెంటర్‌లాక్ అయి మీ డిస్కులు ఆరు బోల్టులవైతే కొత్త డిస్కులో అడాప్టరో కొనాలి, ఆ ఖర్చు 32 వేలలో ఉండదు. వెనక హబ్ మీద మీ క్యాసెట్, అంటే గేర్ల పళ్లచక్రాల గుత్తి, ఎక్కాలి. షిమానో పదకొండు గేర్ల హబ్ మీద ఎనిమిది, తొమ్మిది, పది గేర్ల రోడ్ క్యాసెట్లు ఎక్కుతాయి, మధ్యలో 1.85 మిల్లీమీటర్ల స్పేసర్ వెయ్యాలి. కొన్ని పది గేర్ల క్యాసెట్లకి ఇంకొక పల్చటి స్పేసర్ కూడా అడుగుతుంది.

ఊచల సంఖ్య 24కి తగ్గకుండా, చివర వంపు ఉన్న మామూలు ఊచలతో ఉన్న చక్రం అడగండి. తిన్నని ఊచలవి చూడ్డానికి బాగుంటాయి గానీ ఒకటి తెగితే మన ఊళ్లలో దొరకడం కష్టం. 1,300 గ్రాముల పేరులేని కార్బన్ చక్రాలు ఆన్‌లైన్‌లో ఇదే ధరకి కనిపిస్తాయి, వాటి వైపు పోకండి. పేరులేని కార్బన్ హ్యాండిల్‌బార్‌కైతే రెండింతలు గట్టిగా చెబుతాను. కార్బన్ వంగదు, విరుగుతుంది. అది చేతుల కింద విరిగితే బ్రేకు లివర్లు కూడా దానితోనే పోతాయి.

కొత్త చక్రం వేశాక క్యాలిపర్ మళ్లీ మధ్యకి సర్దించుకోవాలి, ఎందుకంటే డిస్కు ఉండే చోటు హబ్ హబ్‌కీ వెంట్రుకవాసి మారుతుంది. కొత్త డిస్కు, కొత్త ప్యాడ్లు మొదటి రోజు పట్టవు. ఖాళీ రోడ్డు మీద 30 వేగం నుంచి 10కి, చక్రం బిగుసుకోకుండా, ఇరవై సార్లు దింపండి. అమరావతి సీడ్ యాక్సెస్ రోడ్డు పొద్దున్న పూట దీనికి బాగుంటుంది.

బరువు పెరిగినా మీకు మేలు చేసేవి రెండున్నాయి. మొదటిది క్యాసెట్. మీ వెనక పెద్ద పళ్లచక్రానికి 28 పళ్లుంటే 34 పళ్లున్న క్యాసెట్ వేయించుకోండి, వెనక గేరు మార్చే డిరైలరు అంత పెద్దది పడుతుందో లేదో చూసుకుని. యాభై నుంచి వంద గ్రాములు పెరుగుతుంది. కానీ కొండ మీద మీరు పెడలు మీద నిలబడి ఒక్కో తొక్కుడికీ మోకాళ్లు అరగదీసుకుంటున్నారని నా అనుమానం. తేలిక గేరులో కూర్చుని నిమిషానికి 75, 80 తిప్పగలిగితే మీ స్నేహితులు కనిపించేంత దూరంలోనే ఉంటారు.

రెండోది బ్రేకు కేబులు బయటి గొట్టం. కేబుల్ డిస్క్ బ్రేకులు మెత్తగా, రబ్బరు నొక్కినట్టు ఉంటాయని అందరూ తిట్టేది చాలావరకు ఆ గొట్టాన్నే. నొక్కినప్పుడు అది లోపల కుదించుకుపోతుంది. కుదించుకోని రకం, కంప్రెషన్‌లెస్ అని అడిగితే ఇస్తారు, వేయించండి. అదే లివరు, అదే క్యాలిపర్, ఆపుడు మాత్రం వేరు. మీ క్యాలిపర్‌లో ఒక వైపు ప్యాడే కదిలి డిస్కుని రెండో ప్యాడు మీదికి వంచే రకమైతే, రెండు వైపులా కదిలే టీఆర్‌పీ స్పైర్ లాంటిది తర్వాత ఎప్పుడైనా మంచి మార్పు. కేబులు బదులు ద్రవం ఒత్తిడితో పనిచేసే పూర్తి హైడ్రాలిక్ ఇంకా బాగుంటుంది గానీ లివర్లతో సహా అన్నీ మార్చాలి, మీ 40 వేలు అక్కడే అయిపోతాయి. మీకు ఇప్పుడు అది అక్కర్లేదు.

ప్యాడు మీద రాసుకునే పదార్థం అర మిల్లీమీటరుకి వస్తే మార్చెయ్యాలి. షిమానో డిస్కు అయితే అరిగి 1.5 మిల్లీమీటర్లకి దిగితే తీసెయ్యాలి. రెండేళ్లు తొక్కారు కాబట్టి ఈ రెండూ ఒకసారి కొలిపించండి. డిస్కు మీద "రెసిన్ ప్యాడ్లు మాత్రమే" అన్న అర్థంతో ఇంగ్లీషులో చెక్కి ఉంటే మెటల్ ప్యాడ్లు వెయ్యకూడదు. చెయిన్‌కి నూనె స్ప్రే కొట్టే అలవాటుంటే మానండి, తుంపర డిస్కు మీద పడితే ప్యాడ్లు తాగేస్తాయి. చుక్కలుగా వేసి తుడవండి. డిస్కుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేయండి. మిర్చి సీజన్లో యార్డు వైపు నుంచి వచ్చే రోడ్ల మీద ఎర్ర దుమ్ము మీకు తెలిసిందే, ఆ నెలల్లో కొంచెం తరచుగా.

సీటు, సీటు గొట్టం మార్చి ఇంకో రెండు వందల గ్రాములు తీయవచ్చు. మీకు ఇప్పుడున్న సీటు సుఖంగా ఉంటే ముట్టుకోకండి. గొలుసు తాళం కిలో దాకా ఉంటుంది, ఎక్కడా ఆగని రోజున ఇంట్లో వదలండి. నీళ్లు మాత్రం తగ్గించొద్దు. రెండు బాటిళ్లు కలిపి కిలోన్నర, ఏప్రిల్, మే నెలల్లో మంగళగిరి నుంచి వెనక్కి వచ్చేసరికి రెండూ ఖాళీ అవుతాయి, అవ్వాలి.

తొమ్మిది కిలోల కోరిక ఈ డబ్బుతో తీరదు. టైర్లు, ట్యూబులతో 10.8 నుంచి 10.3కి వస్తారు. చక్రాలు కూడా మారిస్తే 9.8. అక్కడి నుంచి ప్రతి వంద గ్రాములకీ వేలు పోయాలి, ఫ్రేము మాత్రం అదే ఉంటుంది. మీ 40 వేలలో మొదట టైర్లు, ట్యూబులు, బ్రేకు గొట్టాలు, కావాలంటే క్యాసెట్ తీసుకోండి. మిగిలింది బ్యాంకులోనే ఉంచండి. చక్రాల సంగతి రెండు నెలల తర్వాత, మీ పాతవి తూచిన అంకె చేతిలో పెట్టుకుని చూడండి. ఇరుసు కొలత, హబ్ రకం తెలిపే ఫొటోలు పంపితే ఆ 32 వేల జత మీ సైకిలుకి సరిపోతుందో లేదో చెబుతాను.